నన్ను అడగనే లేదక్కా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు, మా అవ్వ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ముందుగా చెప్పే సంగతి. మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను, మా జనగామ వైపు చాలా ఇళ్లల్లో అంతే. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అని ఆమె నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను. నోరు మాత్రం మారలేదు. ఆ నోటితో నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. ఆ మనిషి నాకు మేలు చేసింది. ఆ రుణం తీరేది కాదు గనుక కనీసం రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

నేను వెబ్ పేజీలు తయారు చేస్తాను. రైల్వే గేటు అవతల మా ఇంట్లో, వంటింటిని ఆనుకుని ఉన్న చిన్న గదే నా ఆఫీసు. ఫోన్ మాట్లాడుతుంటే కుక్కర్ కూత పెడుతుంది, అవతలివాళ్లు "అన్నం అయ్యిందా మేడం" అని నవ్వుతారు. ఆ రోజుల్లో ఒక చిన్న సంస్థకు పేజీ చేసిపెట్టాను. చెవులు వినపడని పిల్లలకు ఆపరేషన్ చేసి లోపల పరికరం అమరుస్తారు కదా, అలాంటి పిల్లలకు మాట నేర్పే సంస్థ అది. ఆపరేషన్‌తో పని అయిపోతుందని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాదట. పరికరం పెట్టిన కొత్తలో పిల్లకు చప్పుళ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఏది ఫ్యాను చప్పుడు, ఏది అమ్మ గొంతు అన్నది ఒక్కొక్కటిగా నేర్పాలి. చిన్న వయసులోనే నేర్పాలి. ఆలస్యమైతే పరికరం తలకు ఉంటుంది గాని మాట నోటికి రాదు.

నేర్పే టీచరమ్మ భూపాలపల్లిలో ఉంటుంది. అక్కడికి రాగలిగిన పిల్లలు కేంద్రానికే వస్తారు. రాలేనివాళ్ల కోసం ఫోన్‌లోనే పాఠం చెప్పేలా ఒక పేజీ కావాలన్నారు. నేను చేసిన పేజీలో పైనా కిందా బొమ్మలుంటాయి, కుక్క, గంట, బస్సు. టీచరమ్మ మీట నొక్కితే ఆ చప్పుళ్లు ఒకసారి పెద్దగా, ఒకసారి సన్నగా వస్తాయి. మధ్యలో టీచరమ్మ ముఖం కనిపిస్తుంది. ఆ వీడియో మాత్రం మాది కాదు, వేరే కంపెనీది. మా పేజీ మధ్యలో ఒక ఫ్రేమ్ బిగించి, వాళ్ల పేజీని అందులో కూర్చోబెట్టాను. మన ఇంట్లో ముందుగది ఇంకొకరికి ఇచ్చినట్టన్నమాట.

ఆ పేజీతో ఇంటి నుంచి పాఠం మొదలుపెట్టిన మొట్టమొదటి పిల్ల బయ్యారం దగ్గర ఒక తండాలో ఉంటుంది. ఐదేళ్లు. తండ్రి పనికోసం ఊళ్లు తిరుగుతాడు, పాఠాలకు కూర్చోబెట్టేది తల్లే. ప్రతి మంగళవారం పొద్దున పదకొండుకు వాళ్ల వేళ. మొదటి రెండు పాఠాలు చక్కగా సాగాయి. ఆ వారంలోనే సంస్థవాళ్లు ఫోన్ చేసి, "పిల్లల మొఖాలు కనిపించే పేజీ కదా, జర భద్రత గట్టిగ చేయండి" అన్నారు. సబబే. సర్వర్‌లో నాలుగు వరసలు రాసి, పేజీ తలుపులన్నీ బిగించి, నా భుజం నేనే తట్టుకుని, భోంచేసి పడుకున్నాను.

ఇంకో మాట చెప్పాలి. వరసగా మూడు మంగళవారాలు రాకపోతే ఆ పిల్ల వేళ ఎదురుచూస్తున్న తర్వాతి పిల్లకు పోతుంది. టీచరమ్మ ఒక్కతే, పిల్లలు ఎక్కువ, ఏం చేస్తారు? రూలు సంస్థది. దాన్ని పేజీలో రాసినదాన్ని నేను. కెమెరా తెరుచుకుంటేనే పిల్ల వచ్చినట్టు. మూడోసారీ తెరుచుకోకపోతే పేజీయే ఆ పేరు తీసేసి, తర్వాతి ఇంటికి కబురు పంపుతుంది. మనుషుల ప్రమేయం లేకుండా చేశానని అప్పుడు మురిసిపోయాను కూడా.

మూడో పాఠం రోజు భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. "పాప లోపలికొచ్చినట్టు సూపిస్తుంది గని మొఖం కనిపిస్తలేదు మేడం. అంత నల్లగున్నది" అంది టీచరమ్మ. నా కంప్యూటర్‌లో చిట్టా తీసి చూశాను. ఎవరి ఫోన్‌లో ఏం జరిగిందో పేజీ అందులో రాస్తూ ఉంటుంది. తండా ఫోన్ ఎదురుగా "కెమెరాకు అనుమతి నిరాకరణ" అని ఉంది. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. కెమెరా వాడుకోవచ్చా అని బ్రౌజర్ అడుగుతుంది, కింద రెండు మీటలు ఇస్తుంది, ఒకటి అనుమతించడానికి, ఒకటి ఆపడానికి. చాలామంది భయపడి రెండోది నొక్కుతారు.

తల్లికి ఫోన్ చేశాను. "నువ్వు ఆపే మీట ఒత్తినవ్ చెల్లె" అన్నాను.

"లేదక్కా. నేనేం ఒత్తలే. గది ఏం అడగలే" అంది.

"అడగకుంట ఎట్ల వద్దన్నట్టయితది? గిక్కడ సాఫ్‌గ కనిపిస్తుంది నాకు."

"ఏమో అక్కా. నన్నైతే అడగనే లేదు."

సెట్టింగుల్లోకి వెళ్లి ఏమేం చెరపాలో చెప్పాను. అన్నీ చేసింది. తర్వాతి మంగళవారం మళ్లీ అదే నలుపు, చిట్టాలో మళ్లీ అదే నిరాకరణ. నేను ఊరుకోలేదు సుమా, నా కంప్యూటర్‌లో ఉన్న పేజీ నకలు తెరిచి నేనే పిల్లలాగా కూర్చుని చూశాను. లక్షణంగా అడిగింది, సరే అనగానే కెమెరా వెలిగింది. ఫ్రేమ్‌కు కెమెరా ఇవ్వమని రాసిన వరస కూడా చూశాను, అక్షరం తప్పులేదు. ఇక తప్పెవరిది? తండాలో కూర్చున్న ఆ మనిషిదే. నా లెక్క అంతటితో తేలిపోయింది.

ఆమె ఇంటి భాష వేరు. తెలుగు మాట్లాడితే కొన్ని మాటలు కాస్త తిరగబడతాయి. ఆ రోజు ఫోన్‌లో ఆమె మాట ఒకటి పట్టుకుని, అదే యాసలో ఆమెకే తిప్పి పలికాను. ఆ తర్వాత "తెలుగు సదువొస్తదా రాదా నీకు? రాకపోతే వచ్చినోళ్లను పక్కన కూసోబెట్టుకో!" అని అరిచాను. సినిమాల్లో మా మాటను ఎక్కిరించినప్పుడల్లా ఒళ్లు మండి టీవీ కట్టేసిన మనిషిని నేను. ఆ సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆమె మెల్లగా, "సదువొస్తదక్కా. పదో తరగతి పాసైన. నన్ను అడగనే లేదక్కా" అని ఫోన్ పెట్టేసింది.

వంటింట్లోంచి అవ్వ గరిటె పట్టుకునే వచ్చింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ యవ్వారం. గా పిల్ల రెండుమాట్ల చెప్పింది గద అడగలేదని. ఒక్కమాటన్న నమ్మినవా?" అంది. నీకేం తెల్వదు, నువ్వూకో అన్నాను. ఆమె ఊరుకోలేదు గాని నేను గది తలుపేసుకున్నాను.

మూడో మంగళవారం పొద్దున తొమ్మిదవుతుండగా మా గేటు చప్పుడైంది. ఒకామె, ముప్పై ఏళ్లుంటాయేమో, చేతిలో సంచి, పక్కన రిబ్బన్లు కట్టిన పిల్ల. పిల్ల చెవి పైన నల్లటి పరికరం, అది జారకుండా ఎర్ర క్లిప్పు. గొంతు విన్న తర్వాత గాని ఎవరో నాకు తెలియలేదు.

"టీచరమ్మను ఇల్లడిగి వచ్చినమక్కా. పొద్దుగాల మానుకోటల రైలెక్కినం" అంది. మానుకోటంటే మహబూబాబాదే, మా వైపు ఆ పాత పేరే నడుస్తుంది. రుమాల్లో చుట్టిన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. "మీరే సూడున్రి. నేను తప్పు జేస్తే సూపియ్యున్రి, నేర్సుకుంట. భూపాలపల్లి పోతే టీచరమ్మ ఇయ్యాల ఒక్కరోజు చెప్తది. మల్ల మంగళారం ఎట్ల? ఫోను బాగయితేనే ఎప్పటికి అయితది."

అవ్వే ముందుకొచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. అప్పుడే మా వైపు చేసే బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి కాలుతోంది. పిల్ల ఆ సర్వపిండి చిల్లుల్లో ఒక్కొక్క దాంట్లో వేలు పెట్టి చూసి, ఆ తర్వాతే తిన్నది. అవ్వ వెనక నుంచి చప్పట్లు కొట్టి పిలిస్తే తిరగలేదు. "కొత్తల రెండు పాఠాలు అయినంక జర తిరుగుతుండె అవ్వా. మల్ల బందయింది గద, మర్సిపోయింది" అంది తల్లి. ఆ మాట నాకు సూదిలా దిగింది.

పాఠం లింకు అరగంట ముందు మాత్రమే తెరుచుకుంటుంది. పదిన్నరకు ఆమె ఫోన్ నాకు ఇవ్వబోయింది. "నువ్వే తెరువు. నేను పక్కన కూసోని సూస్త" అన్నాను. లోలోపల ఇంకా, ఎక్కడో ఒకచోట తప్పు మీట నొక్కుతుంది, పట్టుకుంటాను అనే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఆమె లింకు తెరిచింది. కుక్క, గంట, బస్సు వచ్చాయి. మధ్యలో ఫ్రేమ్ నల్లగా ఉండిపోయింది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫోన్ ఏమీ అడగలేదు. చిన్న ప్రశ్న కూడా రాలేదు. అదే సమయానికి నా కంప్యూటర్ చిట్టాలో కొత్త వరస పడింది, "కెమెరాకు అనుమతి నిరాకరణ". ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఈసారి ఆ మాట నేనే అన్నాను. "అవును చెల్లె. నిన్ను అడగనే లేదు."

గడియారం చూశాను. పావుతక్కువ పదకొండు కావస్తోంది. పదకొండుంబావుకు నా పేజీ ఈ పిల్ల పేరు తీసేస్తుంది. నేను తలుచుకుంటే ఈ పిల్ల వచ్చినట్టు చేత్తో రాసేయగలను. కానీ వరుసలో ముందున్నది దేవరుప్పుల వైపు పిల్లవాడు, వాళ్ల నాయిన ఎన్నిసార్లు ఫోన్ చేసి "మా వంతెప్పుడు మేడం" అని అడిగాడో నాకు తెలుసు. దొంగ హాజరు వేసి అతణ్ని ఇంకా ఆపడం ఏం న్యాయం? వేసినా పాఠం ఎలాగూ జరగదు. మామూలు వీడియో కాల్‌లో టీచరమ్మ ఒకసారి చేసి చూసింది, సన్నని చప్పుళ్లు అందులో తెగిపోతాయట. కెమెరా తెరుచుకోవాలి, అంతే.

"నువ్వు వద్దనలే. మరి ఎవలు వద్దన్నరు?" అని తల పట్టుకుని నాలో నేనే గొణుక్కున్నాను.

"మా తండాల గిట్లనే అయితదక్కా" అంది ఆమె.

"ఏందది?"

"పెండ్లికి పిల్లనడగనీకె బయటోళ్లొస్తే సీదా పిల్లోళ్లింటికి రారు. మొదలు నాయకునింటికాడ కూసుంటరు, తండా పెద్దన్నట్టు. ఆయన మనోళ్లేనని తోలుకొస్తేనే మా గడపకొస్తరు. గప్పుడు మమ్ములనడుగుతరు. ఆయన ఆడ్నే వద్దన్నడనుకో, గంతే. మాకాడికి ముచ్చటే రాదు. మా చిన్నమ్మ బిడ్డకు గట్లనే ఒక సంబంధం ఆడికాడికే మర్లిపోయింది. వాళ్లు పోయి పిల్లోళ్లు వద్దన్నరని చెప్పుకున్నరు. పిల్లోళ్లకు వాళ్లొచ్చిందే ఎరుక లేదు." ఫోన్ వైపు చూపిస్తూ, "గీ ఫోన్ల నాయకుడెవలక్కా?" అంది.

ఓర్నాయినో! నాయకుడు నా పేజీ!

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఈ సంగతి నాకు తెలియక కాదు, తట్టలేదు. ఫ్రేమ్‌లో కూర్చున్న పేజీ కెమెరా కావాలంటే బ్రౌజర్ నేరుగా మనిషిని అడగదు. ముందు బయటి పేజీని చూస్తుంది, నీ ఇంట్లో కూర్చున్న ఇతనికి కెమెరా ఇమ్మంటావా అని. బయటి పేజీ ఒప్పుకుంటేనే మనిషి దాకా ప్రశ్న వస్తుంది. ఒప్పుకోకపోతే ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది, ఫోన్ పట్టుకున్న మనిషికి అడిగినట్టు కూడా తెలియదు. చిట్టాలో మాత్రం రెండింటికీ ఒకటే మాట పడుతుంది, నిరాకరణ. పేజీ నిరాకరించిందా, మనిషి నిరాకరించాడా అని అందులో ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ మొక్కునే దేవుడి దాకా పోనివ్వలేదు పూజారి. ఆ పూజారిని నేనే.

భద్రత పేరుతో సర్వర్‌లో రాసిన ఆ నాలుగు వరసలు తెరిచి చూశాను. మూడో వరస అదే: కెమెరా, మైకు ఈ పేజీకి తప్ప ఇందులో కూర్చున్న ఏ ఫ్రేమ్‌కూ లేవు. ఫ్రేమ్ దగ్గర ఒక చేత్తో ఇమ్మని రాశాను, గుమ్మం దగ్గర ఇంకో చేత్తో వద్దని రాశాను. గుమ్మం మాటే నెగ్గుతుంది. నా కంప్యూటర్‌లోని నకలుకు ఆ నాలుగు వరసలు లేవు, అవి సర్వర్‌లోనే ఉన్నాయి. అందుకే నాకు అడిగింది, ఆమెను అడగలేదు. రెండు మంగళవారాలు నేను ఆమె మీద అరిచింది, నేను చేసిన తప్పుకు.

ఇంకా పది నిమిషాలుంది. తొందరలో ఆ వరసలో ఒక నక్షత్రం గుర్తు కొట్టాను. అంటే ఎవరికైనా సరే అని. ఆమె నా భుజం మీదుగా చూస్తోంది.

"గీ చుక్క ఏందక్కా?"

"అందరికీ అని."

"అందరెందుకు? మనకు కావల్సింది టీచరమ్మనొక్కతే గద."

నిజానికి ఆ చుక్క ఉన్నంత మాత్రాన ఆ రోజు ఎవరూ చొరబడరు, ఫ్రేమ్ దగ్గర కూడా అనుమతి రాసి ఉండాలి. కానీ రేపు ఇంకెవరో, నాలాంటి తొందరమనిషే, ఆ పేజీలో ఇంకో ఫ్రేమ్ తెచ్చి పెట్టి అక్కడ కూడా సరే అని రాశాడనుకోండి, అతణ్ని ఆపడానికి గుమ్మంలో ఎవరూ ఉండరు. అటు కూర్చునేది చిన్నపిల్లలు. ఆమె అన్నది పది పుస్తకాలు చదివినవాళ్లు చెప్పే మాటే. చుక్క చెరిపేసి, ఆ వీడియో కంపెనీ పేజీ ఒక్కదాని చిరునామా రాశాను. ఆమె దాన్ని అక్షరం అక్షరం చూసి "ఆఁ, గిప్పుడు మంచిగున్నది" అంది, తానే నేర్పినట్టు. తానే నేర్పింది కదా.

పాత పేజీ మూసేయమని, లింకు మళ్లీ కొత్తగా తెరవమని చెప్పాను. పదకొండుకు మూడు నిమిషాలు తక్కువ. కుక్క, గంట, బస్సు వచ్చాయి. ఫ్రేమ్ నల్లగా ఉంది. అప్పుడు తెర పైభాగాన తెల్లని పెట్టె ఒకటి దిగింది.

"అడిగింది!" అని ఆమె ఒక్క కేక పెట్టింది. "అక్కా, అడిగింది! నన్నడిగింది!"

అవ్వ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, ఆ పెట్టెలో ఉన్నదంతా పైకి చదివింది. ఈ పేజీ మీ కెమెరా, మైక్రోఫోన్ ఉపయోగించాలనుకుంటోంది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. అందులో ఉన్న పేరు వీడియో కంపెనీది కాదు, మా పేజీది. బ్రౌజర్ అంతే, లోపల కూర్చున్నది ఎవరైనా మనిషిని అడిగేటప్పుడు ఇంటిగలవాళ్ల పేరుతోనే అడుగుతుంది. పూచీ వాళ్లది గనుక. చదవడం అయ్యాక ఆమె వెంటనే నొక్కలేదు. పిల్లవైపు చూసింది, రిబ్బను సర్దింది, అప్పుడు అనుమతించే మీట మీద వేలు పెట్టింది. నేను మధ్యలో వేలు పెట్టకుండా ఎలా కూర్చున్నానో ఆ భగవంతుడికే తెలుసు.

భూపాలపల్లి టీచరమ్మ ముఖం ఫ్రేమ్ నిండా వచ్చింది. "వచ్చినవా బంగారం! ఎన్నొద్దులాయె నిన్ను సూడక!" అంది. చిట్టాలో ఈ పిల్ల పేరు ఎదురుగా "హాజరు" పడింది.

ఆమె సంచిలోంచి చిన్న స్టీలు గిన్నె, గుప్పెడు మక్కగింజలు, అదే మొక్కజొన్న గింజలు, తీసింది. పాఠం జరిగితే జరుగుతుందని వాటిని తండా నుంచి తెచ్చింది. నేను ఎన్ని తిట్టినా పాఠం జరుగుతుందనే ఆశతో రైలెక్కిన మనిషి! పాఠం ఇలా ఉంటుంది: పిల్ల ఒక గింజ తీసి చెవి దగ్గర పట్టుకుంటుంది. చప్పుడు వినపడితే గిన్నెలో వేస్తుంది, వినపడకపోతే అలాగే పట్టుకుంటుంది. టీచరమ్మ గంట మోగించింది. పిల్ల గింజ పట్టుకునే ఉంది. మళ్లీ మోగించింది. లేదు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడోసారి పిల్ల కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. గింజ గిన్నెలో టంగుమని పడింది. మా ముగ్గురిలో ఎవరు ముందు ఏడ్చారో ఇప్పుడు చెప్పలేను.

మధ్యాహ్నం స్టేషన్ దాకా వాళ్లతో వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద, "తప్పు నాది చెల్లె. నీ మాటను ఎక్కిరిచ్చిన. నా కన్న చిన్నదానివని కూడ సూడకుంట అన్న. మాఫ్ చెయ్యి" అన్నాను. ఆమె పిల్ల చెవి క్లిప్పు సరిచేస్తూ, "తెలిసింది గదక్కా. పాయె ఇగ" అంది. నేనైతే ఏడాది పాటు దెప్పేదాన్ని.

ఇంటికి వచ్చి ముందు చేసిన పని చిట్టా మార్చడం. ఇప్పుడు నా పేజీ పాఠం మొదలయ్యే ముందే తనను తాను అడుగుతుంది, నేను ఈ ఫ్రేమ్‌కు కెమెరా ఇస్తున్నానా అని. ఇవ్వకపోతే తల్లిదండ్రుల జోలికి పోకుండా "తప్పు మనది" అని నాకే కబురు పంపుతుంది. నా తప్పు వల్ల తెరుచుకోని రోజు గైర్హాజరు కింద పడదు. సంస్థవాళ్లను ఒప్పించి ఆ రెండు మంగళవారాలు కూడా కొట్టేయించాను. దేవరుప్పుల పిల్లవాడికి ఆ తర్వాత రెండు నెలలకు ఇంకో వేళ దొరికింది. ఆ వార్త అతని నాయినకు చెప్పే భాగ్యం నాకే దక్కింది.

తండాకు రమ్మని ఆమె ఫోన్‌లో ప్రతిసారీ అడిగేది. చలికాలం వెళ్లాక ఒకరోజు బయలుదేరాను. అవ్వకు మోకాళ్ల నొప్పులు, రాలేకపోయింది. "పిల్ల ఫోటో తీస్కరా, మర్సిపోకు" అని నాలుగుసార్లు చెప్పింది.

తండా మొదట్లోనే ఆమె ఎదురొచ్చింది. నేను తిన్నగా వాళ్లింటి వైపు నడవబోతే చెయ్యి పట్టుకుని ఆపి, నవ్వి, నాయకుడి ఇంటికి తీసుకుపోయింది. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఎవరు, ఎక్కడి నుంచి అని ఆమెను వాళ్ల భాషలో అడిగాడు, ఆమె ఏదో చెప్పింది. నాకు అర్థమైంది ఆయన తెలుగులో నాతో అన్న చివరి మాట ఒక్కటే, "మనోళ్లేనట, పోయి రా బిడ్డా." మంచినీళ్లు తాగి లేచాను. నాకు ఆ మంచం మీద ఎంత నిమ్మళంగా అనిపించిందో చెప్పలేను.

ఇంటి ముందు పిల్ల నేల మీద కూర్చుని మక్కగింజలతో ఏదో ముగ్గులా పేరుస్తోంది. మాకు వీపు పెట్టి ఉంది. ఎర్ర క్లిప్పు మెరుస్తోంది. ఆ దృశ్యం చూడగానే నేను ఫోన్ తీసి పైకెత్తాను. నా తొందర నాది.

"అక్కా, దాన్నడుగు" అంది తల్లి.

సిగ్గుపడి ఫోన్ దించాను. ఉన్నచోటి నుంచే, చప్పట్లు కొట్టకుండా, గొంతు పెంచకుండా, "ఫోటో తియ్యనా బిడ్డా?" అన్నాను.

పిల్ల తిరిగింది. నా చేతిలో ఫోన్ చూసింది. నా ముఖం చూసింది. చేతిలో గింజలు అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"వద్దు" అంది.

ముద్దగా లేదు, సగంలో ఆగలేదు. పిల్లలకు ముందు నేర్పాల్సిన మాటలు "దా", "ఇయ్యి", "వద్దు" అని టీచరమ్మ చెబుతూ ఉండేది. "సరే బిడ్డా" అన్నాను. ఫోన్ సంచిలో పెట్టేసి పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. కాసేపటికి పిల్ల నాకు కూడా నాలుగు గింజలు ఇచ్చింది.

సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చేసరికి అవ్వ వాకిట్లోనే ఉంది. కాళ్లు కడుక్కోనివ్వలేదు. "ఏది, ఫోటో సూపియ్యి" అంది.

"తియ్యలేదవ్వా. వద్దన్నది."

"ఎవలు? తల్లా?"

"పిల్ల."

"పిల్లనా? తలూపిందా?"

"నోటితోని."

అవ్వ గడప పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చుంది. నన్ను కూడా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మల్లొకసారి చెప్పు బిడ్డా" అంది. "ఎట్లన్నది?"